గంధకం పద్దు: ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ బాయిలర్ కేసు

నేపథ్యం

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ ఇది. దాని బాయిలర్ పొగలో గంధకం పరిమితి దాటింది, దాన్ని తగ్గించడానికి మేము వెళ్లాం. ఊరు, యజమాని, యంత్రాలు అమ్మినవాళ్ల పేర్లు వదిలేశాం. అంకెలను గుర్తుపట్టకుండా కాస్త సర్దాం గానీ వాటి మధ్య లెక్క తప్పనివ్వలేదు.

మన దగ్గర బెంగళూరా అని పిలిచే తోతాపురి కాయ జూన్, జూలైల్లో ఒక్కపెట్టున దిగుతుంది. ఆ రోజుల్లో గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి, బాయిలర్ రోజుకు 20 గంటలు నడుస్తుంది. మొదటా చివరా కలుపుకున్నా ఏడాదికి 90 రోజుల పని. మిగతా కాలమంతా అది తాళం వేసిన షెడ్డే. ఈ 90 అనే అంకె తర్వాత ప్రతి నిర్ణయంలోనూ అడ్డం వచ్చింది.

బాయిలర్ గంటకు 3 టన్నుల ఆవిరి ఇచ్చే మూడు పాస్‌ల స్మోక్ ట్యూబ్ రకం, అంటే నీళ్ల మధ్యనున్న ట్యూబుల్లోంచి వేడి పొగ పోతుంది. పీడనం చదరపు సెంటీమీటరుకు 10.5 కిలోలు. ఇంధనం ఫర్నేస్ ఆయిల్, అంటే ముడి చమురు శుద్ధి చేశాక మిగిలే చిక్కటి భారీ నూనె. పూర్తి లోడులో గంటకు 220 కిలోలు, రోజు మొత్తం మీద సుమారు 3,800 కిలోలు కాలుతుంది. 20 వేల లీటర్ల నిల్వ ట్యాంకు, బర్నరుకు రోజువారీ నూనె అందించే వెయ్యి లీటర్ల డే ట్యాంకు, 30 మీటర్ల చిమ్నీ ఉన్నాయి. ఒకప్పుడు ఎకనామైజర్ (పోయే పొగ వేడితో బాయిలర్ నీళ్లు కాచేది) కూడా ఉండేది. ట్యూబులకు చిల్లులు పడితే దాన్ని తీసేసి డక్టు కలిపేశారు. ఆ చిల్లులు ఎందుకు పడ్డాయని అప్పుడు ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఈ కేసు మూడేళ్ల ముందే మొదలయ్యేది.

వచ్చిన సమస్య

రెండు ఫిర్యాదులు ఒకే వారంలో వచ్చాయి. పక్క తోట రైతు మామిడాకులు కోసుకొచ్చి చూపించాడు. ఆకు మీద ఆవగింజంత నల్ల చుక్క, దాన్ని గోటితో గీకితే కింద మాడిన మచ్చ. ఫ్యాక్టరీ ఆవరణలో ఆపిన బైకుల పెట్రోలు ట్యాంకుల మీద కూడా అవే చుక్కలు, వాటి కింద రంగు లేచిపోయింది. రెండోది చిమ్నీ పరీక్ష నివేదిక. సల్ఫర్ డయాక్సైడ్ నార్మల్ (0 డిగ్రీల దగ్గర లెక్కించిన) ఘనమీటరుకు 3,600 మిల్లీగ్రాములు, పొగలో ఆక్సిజన్ 9.4 శాతం. ఈ యూనిట్ కన్సెంటులో (కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే అనుమతి) రాసిన పరిమితి 600, అదీ 3 శాతం ఆక్సిజన్‌కు సరిచేసి చూడాలి.

సరిచేయడమంటే గాలిలో ఆక్సిజన్ శాతం 21 లోంచి 3 తీసేస్తే వచ్చే 18ని, 21 లోంచి కొలిచిన ఆక్సిజన్ తీసేస్తే వచ్చే అంకెతో భాగించి, రీడింగ్‌ను దానితో గుణించడం. 18ని 11.6తో భాగిస్తే 1.55. అంటే నివేదికలోని 3,600 అసలు విలువ దాదాపు 5,590. పరిమితికి తొమ్మిది రెట్లు పైన.

ఆయిల్ లోపలికి తెచ్చే గంధకం ఎంతో చూద్దామంటే కొనుగోలు కాగితాల్లో అది లేదు. సరఫరాదారు ఇచ్చిన పత్రంలో ‘గరిష్ఠం 4.0 శాతం’ అని మాత్రమే ఉంది. అది ఆ గ్రేడుకు ప్రమాణం అనుమతించే హద్దు. వచ్చిన సరుకులో ఎంతుందో అది చెప్పదు. ట్యాంకులో పైన, నడుమ, అడుగున మూడు చోట్ల నమూనా తీసి, కలిపి, ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ పద్ధతిలో (ఏఎస్‌టీఎం డీ4294) పరీక్ష చేయిస్తే 3.3 శాతం వచ్చింది.

ఇక్కడ ఒక లెక్క అందరి దగ్గరా ఉండాలి. గంధకం పరమాణుభారం 32, సల్ఫర్ డయాక్సైడ్ అణుభారం 64. కిలో గంధకం కాలితే రెండు కిలోల వాయువు. భారీ నూనెలో ప్రతి 1 శాతం గంధకానికీ 3 శాతం ఆక్సిజన్ దగ్గర పొగలో సుమారు 1,700 మిల్లీగ్రాములు వస్తుంది. 3.3ని 1,700తో గుణిస్తే 5,610. చిమ్నీ పరీక్ష చెప్పింది 5,590. రెండు వేర్వేరు దారుల్లో వచ్చిన అంకెలు ఇంత దగ్గరగా కలిశాయంటే రెండు పరీక్షలనూ నమ్మొచ్చు. వెనక్కి లెక్కేస్తే 600 లోపల ఉండాలంటే ఇంధనంలో గంధకం 0.35 శాతం దాటకూడదు. ఓడల ఇంధనానికి 2020 జనవరి 1 నుంచి పెట్టిన 0.5 శాతం హద్దు గురించి యజమాని అడిగాడు. ఆ రకం నూనె దొరికినా 850 దగ్గర ఆగుతుంది. చాలదు.

రోజు మొత్తానికి చూస్తే 3,800 కిలోల నూనెలో 125 కిలోల గంధకం, చిమ్నీలోంచి 251 కిలోల సల్ఫర్ డయాక్సైడ్.

మేము వెళ్లేసరికే చేసి చూసినవి

మొదట డ్యాంపర్, అంటే బర్నరుకు గాలి వదిలే తలుపు. నివేదిక రాగానే ఆపరేటర్ గాలి ఇంకా తెరిచాడు. ఆక్సిజన్ 12 శాతానికి ఎక్కింది, చేతి మీటరులో రీడింగ్ 2,800కి దిగింది. ‘తెరిస్తే తగ్గుతాది కదా సార్’ అన్నాడు. తగ్గుతుంది, పాలలో నీళ్లు పోస్తే వెన్న శాతం తగ్గినట్టే. 12 శాతం దగ్గర గుణించాల్సింది 2తో, మళ్లీ 5,600. పాల కేంద్రంలో లాక్టోమీటరు చేసే పనినే ఇక్కడ ఆక్సిజన్ సవరణ చేస్తుంది. పైగా 9.4 శాతమే నూనె బర్నరుకు చాలా ఎక్కువ. అంటే 80 శాతం అదనపు గాలి. అంత గాలిని 240 డిగ్రీలకు వేడిచేసి ఆకాశంలోకి వదులుతున్నారు.

తర్వాత చిమ్నీని ఎత్తు పెంచుదామన్నారు. గంటకు వెలువడే సల్ఫర్ డయాక్సైడ్‌ను కిలోల్లో తీసుకుని, 0.3 ఘాతానికి ఎత్తి, 14తో గుణిస్తే ఉండాల్సిన ఎత్తు మీటర్లలో వస్తుంది. పూర్తి లోడులో గంటకు 14.5 కిలోలు, కావలసిన ఎత్తు 31 మీటర్ల పైచిలుకు. ఉన్నది 30. ఒక మీటరు తక్కువన్నది నిజమే. కానీ ఎత్తు పొగను దూరంగా చెదరగొడుతుంది, మిల్లీగ్రాములను మార్చదు. గంధకం తగ్గితే కావలసిన ఎత్తు కూడా తనంతట తనే తగ్గుతుంది కాబట్టి దాన్ని పక్కన పెట్టాం.

మూడోది మందు డబ్బా. మెగ్నీషియం కలిసిన ఆయిల్ యాడిటివ్, వెయ్యి లీటర్లకు ఒక లీటరు. కరపత్రంలో ‘సల్ఫర్ ఉద్గారాలు తగ్గును’ అని ఉంది. వాడాక నల్ల చుక్కలు నిజంగానే తగ్గాయి. దాంతో అందరికీ నమ్మకం కుదిరింది. చిమ్నీ రీడింగ్ మాత్రం కదల్లేదు.

ఇది చాలా చోట్ల పడే బోల్తా, అందుకే కాస్త ఆగి చెప్పాలి. కాలిన గంధకంలో చాలా భాగం డయాక్సైడ్‌గానే పోతుంది. ఒకటి నుంచి ఐదు శాతం దాకా ట్రయాక్సైడ్‌గా మారుతుంది. నూనెలోని వెనేడియం దానికి ఉత్ప్రేరకం, అదనపు గాలి దానికి మేత. ఈ ట్రయాక్సైడ్ నీటి ఆవిరితో కలిసి సల్ఫ్యూరిక్ ఆమ్లం అవుతుంది. గోడ ఉష్ణోగ్రత సుమారు 140 డిగ్రీల కిందికి దిగితే అక్కడ చెమటలా పడుతుంది. పొద్దున చల్లగా ఉన్న చిమ్నీ లోపలి గోడ మీద పడి, మసితో కలిసి పొరలా అంటుకుని, బర్నర్ అంటించగానే రేకులై ఎగిరిపోతుంది. తోటలో పడ్డ చుక్కలు అవే. 55 డిగ్రీల నీళ్లు పోసిన ఎకనామైజర్ ట్యూబులను తిన్నదీ అదే ఆమ్లం. మెగ్నీషియం ఈ ట్రయాక్సైడ్‌ను పట్టుకుంటుంది, వెనేడియాన్ని కట్టేస్తుంది. డయాక్సైడ్ జోలికి పోదు. పోవాలన్నా పరిమాణం చాలదు. కిలో నూనెలో 33 గ్రాముల గంధకం ఉంటే దానికి 41 గ్రాముల మెగ్నీషియం ఆక్సైడ్ కావాలి, అంటే రోజుకు 150 కిలోల పైనే. కొలిమి వేడిలో మెగ్నీషియం సల్ఫేట్ నిలవదు కూడా. వెయ్యి లీటర్లకు లీటరు మందు ఆ పని చేస్తుందా లేదా అన్నది కరపత్రం వెనకవైపు గుణకారం వేసి చూసినా తెలుస్తుంది.

నాలుగోది కలగలుపు. ఫర్నేస్ ఆయిల్‌లో సగానికి సగం ఎల్‌డీఓ (లైట్ డీజిల్ ఆయిల్, డీజిల్ కంటే కాస్త ముతక రకం) పోశారు. రెండో రోజుకే డ్యూప్లెక్స్ ఫిల్టర్లు తారు ముద్దతో మూసుకుపోయాయి. ఫర్నేస్ ఆయిల్‌లో తేలుతూ ఉండే ఆస్ఫాల్టీన్లు (తారు రేణువులు) పలచని డిస్టిలేట్ (ఆవిరి చేసి తీసిన నూనె) తగలగానే విడిపోయి అడుక్కి దిగుతాయి. కలిపే ముందు చేయాల్సిన పరీక్షకు ఒక చుక్కా ఒక కాగితమూ చాలు: మిశ్రమం వేడిచేసి వడపోత కాగితం మీద ఒక బొట్టు వేసి ఓవెన్లో ఆరబెట్టాలి. మరక అంతా ఒకే రంగులో పరుచుకుంటే ఫర్వాలేదు, మధ్యలో ముదురు వలయం కనిపిస్తే కలపకూడదు. అసలు ఫర్నేస్ ఆయిల్‌తో కలగలుపు ఇక్కడ దారే కాదు. గంధకం దాదాపు లేని డీజిల్‌తో కలిపినా 0.35 శాతానికి దిగాలంటే మిశ్రమంలో ఫర్నేస్ ఆయిల్ పదో వంతుకు మించకూడదు. పదో వంతు కోసం హీటర్లు, ట్రేసింగు (పైపులను వేడిగా ఉంచే చుట్టలు), తారు ఫిల్టర్లు అన్నీ మోయడం దండగ.

స్క్రబ్బర్ ఎందుకు నిలవలేదు

పొగను ద్రావణంతో కడిగి వాయువును పట్టే టవరే స్క్రబ్బర్. ఇది ఖరీదైన ప్రయత్నం. రసాయన శాస్త్రం దృష్టిలో తప్పు లేనిది కూడా. ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్ గ్లాసు) టవరు, లోపల ద్రావణం పరుచుకునే పాలీప్రొపిలీన్ రింగుల ప్యాకింగు, కాస్టిక్ సోడా ద్రావణం పైనుంచి చల్లే నాజిళ్లు. టవరు అడుగునున్న తొట్టి పీహెచ్ 7 దగ్గర ఉన్నప్పుడు బయటికొచ్చే పొగలో 550 నుంచి 580 మధ్య నమోదైంది. అంటే 90 శాతం పట్టుకుంది.

చెడింది పీహెచ్ సెట్టింగు దగ్గర మొదలైంది. ‘ఎక్కువుంటే ఇంకా బాగా పడుతుంది’ అని 9.5కు పెట్టారు. పీహెచ్ 8.5 దాటితే ద్రావణం పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను కూడా మింగడం మొదలుపెడుతుంది. పొగలో సల్ఫర్ డయాక్సైడ్ అర శాతం లోపు, కార్బన్ డయాక్సైడ్ దానికి ఎన్నో రెట్లు. కాస్టిక్ ఎటు పోతుందో చెప్పనక్కర్లేదు. 226 కిలోల సల్ఫర్ డయాక్సైడ్ పట్టడానికి లెక్క ప్రకారం రోజుకు 282 కిలోల కాస్టిక్ చాలు. నిజంగా అయింది దానికి ఒకటిన్నర రెట్లు.

రెండో దెబ్బ అక్కడి బోరు నీళ్ల కాఠిన్యం. కార్బొనేటుగా మారిన ద్రావణంలోకి కాల్షియం నీళ్లు వస్తే సున్నపు పొలుసు కడుతుంది. మూడు వారాల్లో నాజిళ్లు సగం మూసుకున్నాయి, పంపు స్ట్రెయినరు నిండిపోయింది. ఒక రాత్రి నీళ్ల ప్రవాహం ఆగిపోయినా బర్నర్ నడుస్తూనే ఉంది, ఎందుకంటే ప్రవాహం ఆగితే బర్నర్ ఆపే ఫ్లో స్విచ్చు ఇంటర్‌లాక్ పెట్టలేదు. 240 డిగ్రీల పొగ నేరుగా ప్యాకింగు మీదికి వెళ్లింది. పొద్దున టవరు మూత విప్పితే పాలీప్రొపిలీన్ రింగులు ఒకదానికొకటి అతుక్కుని కరిగిన బెల్లం గడ్డలా ఉన్నాయి.

ఈ మూడూ సరిచేయగలిగినవే. పీహెచ్ 6.5 నుంచి 7 మధ్య కట్టేయడం, మెత్తని నీళ్లు వాడటం, పొగ లోపలికొచ్చే చోట పొగను చల్లార్చే క్వెంచ్ స్ప్రే, రెండు ఇంటర్‌లాకులు. మేమూ మొదట అటే మొగ్గాం. వెనక్కి లాగింది ఉప్పు. పట్టిన 226 కిలోలూ సల్ఫైటుగా మారి, గాలి పోసి ఆక్సీకరణ చేశాక రోజుకు 500 కిలోల సోడియం సల్ఫేట్. సీజనుకు 45 టన్నులు. సల్ఫైటును అలాగే ఈటీపీకి (మురుగునీటి శుద్ధి ప్లాంటు) పంపితే సీఓడీ (నీళ్ల కాలుష్యం చెప్పే కొలత) ఎగబాకుతుంది, సల్ఫేటుగా పంపితే కరిగిన లవణాలు అలాగే నిలుస్తాయి. బ్యాక్టీరియా సోడియాన్ని తినదు. ఈ ఫ్యాక్టరీ శుద్ధిచేసిన నీళ్లను తన సొంత చెట్లకే పారిస్తుంది. ఏటా 45 టన్నుల సోడియం ఉప్పు ఆ నేలలోకి వెళ్తే మట్టి గట్టిపడి నీళ్లు ఇంకడం మానేస్తుంది. గాలిలోని గంధకాన్ని తీసి మట్టిలో పెట్టినట్టు. ఉప్పు ఆరబెట్టాలంటే ఎవాపరేటర్ కావాలి, దానికి మళ్లీ ఆవిరి, మళ్లీ నూనె. 90 రోజుల పనికి ఇంత సరంజామా పెట్టడం, తొమ్మిది నెలలు తడారిన టవరును కాపాడటం కుదరదని తేల్చాం. ఏడాది పొడుగునా నడిచే పెద్ద ప్లాంటు అయితే, సున్నంతో జిప్సం చేసే వీలుంటే, ఇదే లెక్క వేరుగా తేలుతుంది.

పనికొచ్చింది

ముందు నూనె తగ్గించి, ఆ తర్వాత నూనె మార్చాలన్నది వరుస. తిరగేస్తే ఖరీదైన ఇంధనాన్ని పాత అలవాట్ల మీద కాల్చినట్టవుతుంది.

బర్నర్ ట్యూన్ చేసి ఆక్సిజన్‌ను 4 శాతానికి తెచ్చాం. పొగతో పోయే వేడి ఇంధన వేడిలో 12.7 శాతం నుంచి 9 శాతం దగ్గరికి దిగింది. ఎవాపరేటర్, ప్రీహీటర్ల కండెన్సేట్ (ఆవిరి చల్లారి మారిన వేడి నీళ్లు) కాలువలోకి పోతుంటే పైపు వేసి ఫీడ్ ట్యాంకుకు తిప్పాం. ఫీడ్ నీళ్లు 40 నుంచి 85 డిగ్రీలకు చేరాయి, ఇక్కడ ఏడు శాతం మిగిలింది. గుజ్జు తగిలే అవకాశం ఉన్న ఎక్స్‌చేంజరు కండెన్సేట్‌ను మాత్రం కలపలేదు. ట్యూబు కారితే చక్కెర బాయిలర్‌లోకి వస్తుంది, నురగ కడుతుంది. ఆవిరి ట్రాపులు, లాగింగు (పైపుల వేడి పోకుండా చుట్టే తొడుగు) కూడా కలిపితే మొత్తం 12 శాతం.

ఇక ఇంధనం. డీజిల్‌లో గంధకం 10 పీపీఎం (పది లక్షల్లో 10 వంతులు) మాత్రమే (భారత్ స్టేజ్ 6 ప్రమాణం 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా ఉంది), కానీ ధర ఎక్కువ. ఎల్‌డీఓ చవక, దాని ప్రమాణం 1.5 శాతం దాకా అనుమతిస్తుంది, బ్యాచ్‌ను బట్టి మారుతుంది. వచ్చిన మొదటి బ్యాచ్‌లో 0.9 ఉంది. రెండూ పలచనివే, కలిపితే తారు విడిపోదు, అయినా చుక్క పరీక్ష చేశాకే కలిపాం. పరిమితి 0.35 అయితే లక్ష్యం 0.28గా పెట్టుకున్నాం, నమూనా తేడాలకూ మీటరు తేడాలకూ చోటు ఉండాలి కదా. 0.28ని 0.9తో భాగిస్తే 100 కిలోల్లో 31 కిలోల ఎల్‌డీఓ, మిగతా 69 డీజిల్.

కాగితాల పని ఇక్కడ మొదలైంది. డీజిల్ ఫ్లాష్ పాయింటు (నూనె ఆవిరి నిప్పంటుకునే కనీస ఉష్ణోగ్రత) ప్రమాణం కనీసం 35 డిగ్రీలు, అంటే పెట్రోలియం నిబంధనల్లో క్లాస్ బీ. లైసెన్సు లేకుండా 2,500 లీటర్లకు మించి పెట్టుకోకూడదు, అది ఈ ఫ్యాక్టరీకి ఒక్క రోజుకు కూడా చాలదు. అందుకే పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్సుకు సీజను అయిపోగానే దరఖాస్తు పెట్టించాం. మేలో గుర్తొస్తే ఆ ఏడాది పోయినట్టే.

షెడ్డులో మార్పులు: ఫర్నేస్ ఆయిల్‌ను 110 డిగ్రీలకు కాచే ప్రీహీటర్‌ను స్విచ్చు ఆపి వదిలేయలేదు, కేబులు విప్పి, ట్యాంకు ఆవిరి కాయిల్‌కు బ్లైండ్ ఫ్లాంజ్ (మూత బిళ్ల) వేశాం. డీజిల్ అక్కడ పొరపాటున కాగితే లైన్లో ఆవిరి పడి మంట కొట్టుకుంటుంది, ట్యాంకులో కాగితే అంతకంటే ప్రమాదం. పాత గేర్ పంపు పలచని నూనెను లోపలే జార్చేసింది, 20 బార్ రావాల్సిన చోట 14 వచ్చింది. పంపు మార్చాం, నాజిలు కొలత మార్చాం. ఏళ్ల తరబడి తారే మూసిపెట్టిన మరల కీళ్లు డీజిల్ తగలగానే కారడం మొదలుపెట్టాయి. ఒక పూటంతా గుడ్డ పట్టుకుని లైను వెంబడి తిరగాల్సి వచ్చింది.

మొదటి చిమ్నీ పరీక్ష 640. ఫెయిల్. మిశ్రమం లెక్క సరిగ్గానే ఉంది, ల్యాబు కూడా 0.28 అనే చెప్పింది. నమూనా ట్యాంకరు దగ్గర తీసింది మరి. డిప్ రాడ్‌కు అందని అడుగు భాగంలో, అవుట్‌లెట్ కింద, 400 లీటర్ల పాత ఫర్నేస్ ఆయిల్ మిగిలి ఉంది. 380 కిలోలకు 3.3 శాతం చొప్పున 12.5 కిలోల గంధకం. పైన పోసిన 10 వేల కిలోల మిశ్రమంలో ఉన్నది 28 కిలోలు. రెండూ కలిపి సగటు 0.39 శాతానికి ఎక్కింది. ట్యాంకు ఖాళీ చేయించి, గ్యాసు పరీక్ష చేశాకే మనిషిని దింపి, అడుగు బురద తీయించి, డే ట్యాంకూ లైన్లూ డీజిల్‌తో కడిగించాం. రెండో పరీక్షలో 465.

డిస్టిలేట్ కేలరీలు కొంచెం ఎక్కువ కాబట్టి రోజు వాడకం 3,150 కిలోల దగ్గర నిలబడింది. సల్ఫర్ డయాక్సైడ్ రోజుకు 251 కిలోల నుంచి 18 కిలోలకు. ఇంధనం బిల్లు మాత్రం పెరిగింది. పొదుపు చేసిన నూనె ఆ తేడాను సగం కూడా పూడ్చలేదు. కాస్టిక్, ఉప్పు పారవేత, టవరు మరమ్మతు ఖర్చులతో పోల్చి చూస్తేనే యజమానికి ఒప్పుదల కుదిరింది. ధరలు నెలనెలా మారతాయి, అందుకే ఇక్కడ రూపాయలు రాయలేదు. పోల్చేటప్పుడు లీటరు ధర కాకుండా టన్ను ఆవిరికి అయ్యే ఖర్చు చూడాలి. ఫర్నేస్ ఆయిల్ కిలోల్లో, డీజిల్ లీటర్లలో అమ్ముతారు, లీటరు డీజిల్ బరువు 830 గ్రాముల దగ్గర. ఆ తేడా మరిచి వేసిన అంచనాలు ఈ ఫైల్లోనే రెండు దొరికాయి.

ఇప్పుడు జరుగుతున్నది

ప్రతి ట్యాంకరు మూత తీసిన చోటే లీటరు నమూనా రెండు సీసాల్లోకి తీసి, సీలు వేసి, డ్రైవరు సంతకం పెట్టించుకుంటారు. ఒకటి ల్యాబుకు, ఒకటి బీరువాకు. సాంద్రత అక్కడికక్కడే హైడ్రోమీటరుతో చూసి 15 డిగ్రీలకు సవరిస్తారు. గంధకం రిపోర్టు వచ్చేదాకా ఆ సరుకు విడిగా మరో ట్యాంకులోనే ఉంటుంది. రిజిస్టరులో నాలుగు గళ్లు: వచ్చిన కిలోలు, గంధకం శాతం, కాలిన కిలోలు, లెక్క ప్రకారం చిమ్నీలో ఉండాల్సిన మిల్లీగ్రాములు. చిమ్నీ పరీక్ష వచ్చిన రోజు ఆ అంకెను పక్కన రాస్తారు. పది శాతానికి మించి తేడా ఉంటే ముందు ఆక్సిజన్ సవరణ, తర్వాత ట్యాంకు అడుగు చూడాలని గోడ మీద రాసి ఉంది.

రెండో సీజను జూలైలో వచ్చిన ఎల్‌డీఓలో గంధకం 1.3 శాతం తేలింది. పాత నిష్పత్తిలోనే కలిపి ఉంటే మిశ్రమం 0.4 దాటేది. డ్యాంపర్ తెరిచిన ఆ ఆపరేటరే 0.28ని 1.3తో భాగించి, పలక మీద 31 తుడిచేసి 21 అని రాశాడు.